గుడ్లగూబ కాసు – ఒక షరాబు అనుభవం

పదవీ విరమణ చేసిన తరువాత మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలని పెద్దలు చెబుతారు. మన సభ్యులలో కొందరు పెరటి తోట పట్టుకున్నారు. కొందరు హోమియో నేర్చుకుని వీధి వీధంతా మాత్రలు పంచుతున్నారు. నాకు పట్టినది పాత నాణేల పిచ్చి. సబ్ ట్రెజరీలో షరాబుగా చేరి, ముప్పై నాలుగేళ్ళు సర్కారు సొమ్ము లెక్కపెట్టి, బల్లమీద మోగించి, వేలికొసతో మంచిచెడ్డలు చెప్పినవాడికి అంతకంటే వేరే పిచ్చి ఏమి పడుతుంది?

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని మన కార్యదర్శి గారు ఆదేశించినప్పుడు, గ్రీకు దేశపు నాణెం ఒకదాని కథ చెప్పాలనిపించింది. ఆ కథలో నేను మోసపోయిన వైనం కూడా ఉంది. అది దాచి మిగతాది చెప్పడం భావ్యం కాదు కనుక ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

2011లో హైదరాబాదులో ఒక నాణేల ప్రదర్శనకు వెళ్ళాను. ఆ ఏడాది జూన్ 30తో మన పావలా కాసు చెల్లకుండా పోయింది. ఆ బెంగతోనే వెళ్ళానేమో, ఒక వర్తకుని బల్ల దగ్గర మందపాటి వెండి బిళ్ళ ఒకటి కనబడితే కాళ్ళు ముందుకు సాగలేదు. ఒకవైపు శిరస్త్రాణం ధరించిన స్త్రీ ముఖం, రెండోవైపు గుండ్రటి కళ్ళతో మనవైపే చూస్తున్న గుడ్లగూబ. "ఏథెన్స్ నగరపు కాసండీ, రెండువేల నాలుగువందల ఏళ్ళ నాటిది" అంటూ ఆ పెద్దమనిషి అరగంటసేపు కథ చెప్పాడు. ఎనిమిది వేలకు బేరం కుదిరింది. ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆవిడ, "లక్షణంగా లక్ష్మీదేవి కాసు తెచ్చుకోక, ఇంట్లోకి గుడ్లగూబను తెచ్చారేమిటండీ!" అని తలుపు మూలన పెట్టించింది.

మనకు గుడ్లగూబ అపశకునం. ఏథెన్స్ వారికి మాత్రం అది వారి కులదేవత అథీనాకు ప్రియమైన పక్షి, జ్ఞానానికి గుర్తు. ఆ ముచ్చట తెలుసుకుందామని పుస్తకాలు పట్టుకున్నాను. ఆ చదువు ఎంత దూరం తీసుకువెళ్ళిందో, చివరికి ఏ నిజం బయటపెట్టిందో వరుసగా చెబుతాను.

నాణెం పుట్టిన చోటు

నేటి టర్కీ దేశపు పశ్చిమ భాగంలో పూర్వం లిడియా అనే రాజ్యం ఉండేది. అక్కడి పాక్టోలస్ అనే ఏటి ఇసుకలో బంగారం, వెండి కలిసిన లోహం దొరికేది. క్రీ.పూ. 7వ శతాబ్దంలో ఆ లోహాన్ని చిన్నచిన్న ముద్దలుగా తూచి, వాటిపై సింహం తల వంటి ముద్రలు కొట్టారు. అంతకు ముందు వ్యాపారి ప్రతిసారీ లోహాన్ని తూచి, పరీక్షించి తీసుకోవలసి వచ్చేది. ముద్ర పడ్డాక ఆ బాధ్యత ముద్ర వేసినవారిది అయింది. నాణెం అంటే అసలు అర్థం ఇదే. లోహం విలువ లోహానిదే, ముద్ర మాత్రం ఒక మాట ఇవ్వడం. ఆ దేశపు రాజు క్రీసస్, క్రీ.పూ. 6వ శతాబ్దం మధ్యలో, బంగారానికి వేరుగా, వెండికి వేరుగా నాణేలు వేయించాడు.

లిడియా నుంచి ఈ పద్ధతి గ్రీకు నగరాలకు పాకింది. గ్రీసు అప్పుడు ఒకే దేశం కాదు. వందలాది నగర రాజ్యాలు, ఎవరి నాణెం వారిది. ఈజినా ద్వీపం వారు తాబేలును వేసుకున్నారు. కోరింత్ వారు రెక్కల గుర్రాన్ని వేసుకున్నారు. సిసిలీలోని సిరాక్యూజ్ నగరంలో కిమోన్, యువైనిటోస్ అనే చెక్కుడు పనివారు తమ పేర్లను కూడా ముద్రలో చెక్కుకున్నారు. పనివానికి అంతటి గౌరవం దక్కిన నాణేలు ప్రపంచంలో అరుదు.

వారి లెక్క కూడా మనకు సులువుగా అర్థమవుతుంది. ఆరు ఓబోల్‌లు ఒక డ్రాక్మా. నూరు డ్రాక్మాలు ఒక మినా. అరవై మినాలు ఒక టాలెంట్. ఓబోల్ అంటే ఇనుప చువ్వ అని, డ్రాక్మా అంటే గుప్పెడు అని అర్థం. నాణేలు రాకముందు ఇనుప చువ్వలే మారకంగా చెల్లేవి, గుప్పిట్లో ఆరు పట్టేవి. చనిపోయినవారి నోట్లో ఒక ఓబోల్ పెట్టేవారు. వైతరణి వంటి నదిని దాటించే పడవవాడికి అది కూలి అని వారి నమ్మకం. మన వైపు కొన్ని ఇళ్ళలో పోయినవారి నుదుట రూపాయి బిళ్ళ పెట్టడం చూసినవారికి ఇది వింతగా తోచదు.

పంచుకోని వెండి

ఏథెన్స్ గుడ్లగూబ కాసు నాలుగు డ్రాక్మాల బిళ్ళ. తూకం సుమారు 17.2 గ్రాములు. పాఠకులు ఈ అంకె గుర్తుంచుకోవాలి, మళ్ళీ దీనితో పని ఉంది. దీనికి వెండి ఏథెన్స్‌కు దక్షిణాన ఉన్న లారియం గనుల నుంచి వచ్చేది.

క్రీ.పూ. 483 ప్రాంతంలో ఆ గనులలో గొప్ప వెండి పొర బయటపడింది. తలా పది డ్రాక్మాల చొప్పున పౌరులందరికీ పంచుదామని ప్రతిపాదన వచ్చింది. థెమిస్టొక్లీస్ అనే నాయకుడు లేచి, ఆ వెండితో యుద్ధ నౌకలు కట్టిద్దామన్నాడు. చేతికందే సొమ్ము వదులుకోమంటే ఏ సభ ఒప్పుకుంటుంది? ఆ సభ మాత్రం ఒప్పుకున్నది. రెండు వందల నౌకలు కట్టారని హెరొడోటస్ వ్రాశాడు. మూడేళ్ళకు, క్రీ.పూ. 480లో, పారశీక చక్రవర్తి దండెత్తి వచ్చి నగరాన్ని తగులబెట్టినా, సలామిస్ జలసంధిలో ఆ నౌకలే గ్రీసును కాపాడాయి.

ఇక్కడ మరొక సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. ఆ వెండి తవ్వినది బానిసలు. ఇరుకు సొరంగాలలో, నూనె దీపాల వెలుగులో వారి బ్రతుకులు తెల్లవారిపోయేవి. నిసియాస్ అనే ధనవంతుడు వెయ్యిమంది బానిసలను, తలకు రోజుకొక ఓబోల్ చొప్పున, గనులకు అద్దెకు ఇచ్చాడని క్సెనొఫోన్ వ్రాశాడు. అందమైన ప్రతి గుడ్లగూబ వెనుక ఆ చీకటి ఉంది.

ఏథెన్స్ పింఛనుదారు

మన సంఘ సభ్యులకు ఇంతకంటే ఆసక్తికరమైన విషయం ఒకటి ఉంది. పని చేసుకోలేని వికలాంగులకు, మూడు మినాలకంటే తక్కువ ఆస్తి ఉన్నవారికి, ఏథెన్స్ నగరం రోజుకొక ఓబోల్ భృతి ఇచ్చేది. తరువాతి కాలంలో అది రెండు ఓబోల్‌లు అయింది. నైపుణ్యం గల పనివాని రోజుకూలి ఒక డ్రాక్మా, అంటే ఆరు ఓబోల్‌లు, ఉన్న కాలమది. భృతి కావలసినవారు నగర సభ పరీక్షకు నిలబడవలసి వచ్చేది. మనం ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ పట్టుకుని కౌంటరు ముందు నిలబడినట్లే అనుకోండి.

క్రీ.పూ. 403 తరువాతి రోజులలో ఒక కుంటి ముసలాయన మీద ఎవరో ఫిర్యాదు చేశారు. "వీడు గుర్రమెక్కి తిరుగుతున్నాడు, వీడికి భృతి ఎందుకు?" అని. ఆ ముసలాయన కోసం లిసియాస్ అనే ప్రసిద్ధ రచయిత వ్రాసి ఇచ్చిన ఉపన్యాసం ఈనాటికీ నిలిచి ఉంది. దాని సారాంశం ఇది: డబ్బుంటే మెత్తని జీను వేసిన కంచరగాడిద ఎక్కేవాణ్ణి, అది లేక ఒకరిని అడిగి గుర్రం ఎక్కుతున్నాను, రెండు కర్రల మీద నడిచేవాడు గుర్రం ఎక్కడం దర్పమా, అవసరమా? రోజుకొక ఓబోల్ కోసం ఆ మనిషి పడిన తాపత్రయం చదివినప్పుడు, ట్రెజరీ కిటికీ ముందు నిలబడిన ఎందరో ముసలివారు నా కళ్ళముందు మెదిలారు. సభవారు ఏమని తీర్పు ఇచ్చారో ఆ ఉపన్యాసంలో లేదు. ఇచ్చే ఉంటారని నా నమ్మకం.

మాట తప్పిన నాణెం

క్రీ.పూ. 431లో ఏథెన్స్‌కు, స్పార్టాకు మహాయుద్ధం మొదలైంది. క్రీ.పూ. 413లో స్పార్టా సైన్యం ఏథెన్స్ సమీపంలోని డెకిలియాలో కోట కట్టుకుని కూర్చుంది. ఇరవై వేలమందికి పైగా బానిసలు పారిపోయారని థుసిడిడీస్ లెక్క. గనుల పని దెబ్బతిన్నది, వెండి రాక సన్నగిల్లింది. విజయదేవత ప్రతిమల మీది బంగారాన్ని కరిగించి నాణేలు వేశారు. అదీ చాలక క్రీ.పూ. 406 ప్రాంతంలో రాగి మీద వెండి రేకు కప్పి గుడ్లగూబ ముద్ర కొట్టారు. దొంగనాణెం కొట్టినది దొంగ కాదు, సాక్షాత్తూ నగరమే. గత్యంతరం లేక చేసిన పనే కావచ్చు. కానీ ముద్ర ఇచ్చిన మాట తప్పింది.

మరుసటి ఏడు ప్రదర్శించిన "కప్పలు" నాటకంలో అరిస్టొఫనీస్ దీన్ని ఎత్తిపొడిచాడు. మేలిమి నాణేలను పక్కన పెట్టి చెత్త రాగిని వాడుకుంటున్నట్లే, మంచి మనుషులను పక్కన పెట్టి పనికిమాలినవారిని నెత్తిన పెట్టుకుంటున్నామని ఆయన బాధ. క్రీ.పూ. 404లో ఏథెన్స్ లొంగిపోయింది.

తరువాత కొన్నేళ్ళకు రాగి నాణేలు చెల్లవని చాటింపు వేశారు. ఆయనదే మరొక నాటకంలో ఒక పాత్ర తన గోడు వెళ్ళబోసుకుంటాడు. ద్రాక్షపళ్ళు అమ్మి, దవడ నిండా రాగి కాసులు పెట్టుకుని (చిల్లరను నోట్లో పెట్టుకోవడం అక్కడి అలవాటు), పిండి కొందామని సంచీ చాచాడు. అప్పుడే చాటింపువాడు, "ఇకమీదట రాగి తీసుకోరాదు, వెండే చెల్లుతుంది" అని అరిచాడట. 1978 జనవరిలో వెయ్యి నోట్ల రద్దు చూసినవాళ్ళం. 2016 నవంబరు 8 రాత్రి టీవీ ముందు కూర్చుని అయిదు వందల నోట్లు చెల్లవని విన్నవాళ్ళం. ఆ ద్రాక్షపళ్ళ మనిషి సంచీ చాచి నిలబడిన నిలుపు మనకు తెలియనిది కాదు.

కూలిన నమ్మకాన్ని ఏథెన్స్ మళ్ళీ నిలబెట్టుకున్న తీరు నన్ను ఎక్కువగా ఆకర్షించింది. క్రీ.పూ. 375లో నికోఫోన్ అనే ఆయన ప్రతిపాదించిన చట్టం చెక్కిన రాతిపలక 1970లో ఏథెన్స్ అంగడి తవ్వకాలలో దొరికింది. దాని ప్రకారం నగరం ఒక పరీక్షకుణ్ణి నియమించింది. ఆయన అంగడిలో వడ్డీ వ్యాపారుల బల్లల నడుమ కూర్చుని నాణేలు పరీక్షించాలి. రేవులో మరొకరు. మంచిదని తేల్చిన నాణేన్ని వర్తకుడు కాదంటే, అతని సరుకు జప్తు. లోపల రాగి, సీసం ఉన్నదని తేలితే, ఆ నాణేన్ని అక్కడికక్కడే కోసి, దేవతల తల్లి గుడికి సమర్పించాలి. పరీక్షకుడు తన విధి నిర్వర్తించకపోతే యాభై కొరడా దెబ్బలు!

ఆ పరీక్షకుడు ఎవరనుకున్నారు? ప్రభుత్వ బానిస. అంటే, నా ఉద్యోగమే. కొరడా దెబ్బలు లేవు గాని, లెక్క తేడా వస్తే జీతంలో కోత నాకూ ఉండేది. దొంగ నాణేన్ని కోసివేసే అధికారం మన 1906 నాటి నాణేల చట్టంలో కూడా ఉండేది. కోసిన రెండు ముక్కలను రైతు చేతిలో పెట్టినప్పుడు అతని మొహం చూడలేక తల వంచుకున్న రోజులు నాకు ఉన్నాయి. అతడు చేసిన తప్పేమీ లేదు, ఎవరి చేతి నుంచో తీసుకున్నాడు. అయినా ఆ కోత కోయకపోతే, ఆ కాసు మరొక అమాయకుని చేతికి చేరుతుంది.

మన దేశానికి వచ్చిన గ్రీకు కాసు

అలెగ్జాండర్ క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున పోరసుతో యుద్ధం చేసి వెనుదిరిగాడు. ఆయన వెంట వచ్చిన గ్రీకుల సంతతి బాక్ట్రియాలో, అంటే నేటి ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతంలో, స్థిరపడి రాజ్యమేలింది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో వారు హిందూకుష్ దాటి వచ్చారు. ఇక్కడి ప్రజలకు అర్థం కావాలని నాణేనికి ఒకవైపు గ్రీకు లిపి, రెండోవైపు మన ప్రాకృతం వేయించారు. అగాథొక్లీస్ అనే రాజు వేయించిన నాణేల మీద చక్రం పట్టిన వాసుదేవుడు, నాగలి పట్టిన సంకర్షణుడు, అంటే మన కృష్ణ బలరాములు, ఉన్నారు. 1970లో ఆఫ్ఘనిస్తాన్‌లోని ఐ ఖానుమ్‌లో ఫ్రెంచివారి తవ్వకాలలో ఇవి దొరికాయి. ఆ యవన రాజులు నలభైమంది దాకా ఉన్నా, గ్రంథాలలో కనబడేవారు కొద్దిమందే. బౌద్ధుల "మిలిందపన్హ"లో ప్రశ్నలడిగిన మిళిందుడు, అంటే మినాండర్, వారిలో ఒకడు. మిగిలిన వారందరికీ నాణేలే సాక్ష్యం. నాణేలు దొరకకపోతే వారు పుట్టనట్టే, ఏలనట్టే.

1830లలో చార్లెస్ మాసన్ అనే పేరుతో తిరిగిన ఒక ఆంగ్లేయుడు, ఈస్టిండియా కంపెనీ సైన్యం నుంచి పారిపోయినవాడు, కాబూల్ దగ్గరి బేగ్రామ్‌లో వేలాది నాణేలు సేకరించాడు. రెండు లిపులలో ఒకే రాజు పేరు ఉందని ఆయన గమనించాడు. ఆ ఆధారంతో ఖరోష్ఠి లిపిలో అక్షరాలు గుర్తుపట్టినవాడు జేమ్స్ ప్రిన్సెప్. అగాథొక్లీస్ పేరు బ్రాహ్మీ లిపిలో ఉన్న నాణేన్ని 1836లో లాసెన్ అనే పండితుడు చదివాడు. 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి అంతటినీ ఛేదించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శాసనం మనం చదవగలుగుతున్నామంటే, అమరావతి స్తూపం మీద దానం చేసిన గృహిణుల పేర్లు తెలుస్తున్నాయంటే, ఆ కృషి చలవే.

ఇంతకూ ప్రిన్సెప్ ఉద్యోగం ఏమిటి? కలకత్తా టంకశాలలో లోహ పరీక్షాధికారి. ఆయన కూడా ఒక విధంగా షరాబే! ఇది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

డ్రాక్మా అనే మాట కూడా మనతోనే ఉండిపోయింది. సంస్కృతంలో ద్రమ్మం అయింది, హిందూస్తానీలో దామ్ అయింది, దాని నుంచే మన దమ్మిడీ వచ్చింది. అరబ్బుల దిర్హమ్ కూడా అదే. "దమ్మిడీకి కొరగాడు" అని ఎవరినైనా తిట్టినప్పుడు మనం గ్రీకు నాణెంతోనే తూస్తున్నామన్నమాట. గ్రీసులో 1832లో మళ్ళీ తెచ్చుకున్న డ్రాక్మా 2002లో యూరో రావడంతో చెల్లిపోయింది. అయినా వారి ఒక యూరో బిళ్ళ మీద ఆ గుడ్లగూబనే వేసుకున్నారు.

త్రాసు చెప్పిన నిజం

ఆరు నెలల చదువు తరువాత ఒక రాత్రి 17.2 అనే అంకె నా కంటబడింది. నా గుండె ఎందుకో దడదడలాడింది. తెల్లవారగానే మా వీధి కంసాలి ఆచారి గారి కొట్టుకు వెళ్ళి త్రాసులో వేయించాను. 14.6 గ్రాములు! భూతద్దంతో చూస్తే అంచు చుట్టూ సన్నని అతుకు గీత. సుత్తితో కొట్టిన నాణేనికి అతుకు ఎందుకుంటుంది? అది మూసలో పోత పోసినది.

ముప్పై నాలుగేళ్ళ షరాబు తూకం వేయకుండా, అంచు చూడకుండా కొన్నాడు. కారణం ఒక్కటే. ఆ వర్తకుడు నాకు కాసు అమ్మలేదు, కథ అమ్మాడు. నేను కథ విని కాసు కొన్నాను. ఈ విద్య కొత్తది కాదు. రెండు వందల ఏళ్ళ క్రితం జర్మనీలో బెకర్ అనే నేర్పరి గ్రీకు నాణేల నకళ్ళు కొట్టి, ఇనుప రజనుతో పెట్టెలో వేసి, బండికింద కట్టి షికారు తిప్పి, పాతదనం తెచ్చేవాడని చెబుతారు.

ఈ వ్యాపకంలో దిగదలచిన మిత్రులకు నా మనవి. ముందు పుస్తకం కొనండి, తరువాత నాణెం. తూకం, అంచు చూడకుండా డబ్బు తీయకండి. రసీదు లేనిదే కొనకండి. పాత నాణేన్ని చింతపండుతో తోమకండి. పొలంలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన నాణేలను మనంతట మనం విదేశాలకు పంపడం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఉన్న పిల్లలకు బహుమతిగా పంపేవారు ఈ సంగతి మరువరాదు. చూసి ఆనందించడానికి మ్యూజియాలు ఉండనే ఉన్నాయి.

ఆ కాసును ఏం చేయాలన్నది నన్ను చాలా రోజులు బాధించింది. వర్తకుని ఆచూకీ తెలియలేదు. ఒక మిత్రుడు, "ఇంకెవరికైనా అమ్మేసి నష్టం పూడ్చుకోండి" అన్నాడు. నా తరువాత మా మనవడు దాన్ని అసలుదని నమ్మి గర్వపడతాడు, లేదా అసలుదని చెప్పి మరొకరికి అమ్ముతాడు. రెండూ నాకు ఇష్టం లేదు. మళ్ళీ ఆచారి గారి దగ్గరకు వెళ్ళి కోయమన్నాను.

"షరాబు గారూ, అంత సొమ్ము పోసి కొన్నారు, కోయమంటారేమిటండీ?" అన్నాడాయన.

"కోయడం నా ఉద్యోగం ఆచారీ" అన్నాను.

ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. గుడ్లగూబ రెండు ముక్కలయింది. పైన వెండి పూత, లోపల ఎర్రని రాగి.

ఆ రెండు ముక్కలూ నా ఆల్బమ్ మొదటి పేజీలో ఉన్నాయి. కింద "నకిలీ" అని, కొన్న తేదీ, ఇచ్చిన ధర వ్రాసి సంతకం చేశాను. నాణేలు చూపించమని వచ్చే పిల్లలకు ముందు దాన్నే చూపిస్తాను. అసలైన గుడ్లగూబ కాసు ఇంతవరకు నా చేతికి రాలేదు, ఇకమీదట వస్తుందన్న ఆశా లేదు. కానీ మా మనవడు ఇప్పుడు ఏది చేతికిచ్చినా ముందు తూచి, తరువాత అంచు చూస్తున్నాడు. ఎనిమిది వేలకు అది దండగ కాదనే అనుకుంటున్నాను. సెలవు.